పోయినేడు ఎవరిని పంపినవు

కాసేపట్లో మిమ్మల్ని లోపలికి తీసుకుంటారు, దయచేసి వేచి ఉండండి అని తెర మీద రాసి ఉంది, పదకొండు గంటల నుంచి ఆ రాతనే చూస్తున్నాను, ఇప్పుడు పదకొండుంబావు దాటింది, లోపలికి తీసుకోవడం అంటే ఏమిటో, నేనున్నది నల్లగొండలో పానగల్లు రోడ్డు మీద ఒక గది, వాళ్లున్నది హైదరాబాదులో ఎన్నో అంతస్తు, లోపల ఎవరు బయట ఎవరు. తెర మూలన చిన్న డబ్బాలో నా ముఖం కనిపిస్తోంది. ఇంతసేపు నా ముఖాన్ని నేనెప్పుడూ చూసుకోలేదు, అద్దం ముందు నిలబడితే దువ్వెన పని అయ్యేంత వరకే. ముప్పై నాలుగేళ్లు, ఎడమ కంటి కింద నలుపు, నవ్వమని చెప్పారు కాబట్టి నవ్వి చూశాను, ఫొటో స్టూడియోలో బలవంతంగా కూర్చోబెట్టినట్టు ఉంది, మానేశాను. నా వెనక నీలం దుప్పటి వేలాడుతోంది, దాని వెనక గిన్నెల అల్మారా ఉంది, నూనె సీసా ఉంది, చర్చి కేలండరు ఉంది, అవేవీ వాళ్లకు కనబడకూడదట. ల్యాప్‌టాప్ కింద బియ్యం డబ్బా. కెమెరా కళ్లకు సమానంగా ఉండాలని పై వాటాలో కిరాయికుండే భాగ్యశ్రీ చెప్పి, తన ల్యాప్‌టాప్ తనే మోసుకొచ్చి, డబ్బా మీద పెట్టి, బడికి పోయింది. ఒంటిగంటకు వచ్చి తీసుకుపోతుంది. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఉండాలి, లేకపోతే ఇది ఏడోది అవుతుంది, ఏడుసార్లు ఓడిపోయిన మనిషికి ఎనిమిదోసారి ల్యాప్‌టాప్ అడగాలంటే ముఖం చెల్లదు.

బయట గడప మీద అమ్మ కూర్చుంది. లోపల ఇంటర్వ్యూ, బయట కాపలా. ఉల్లిగడ్డల ఆటో మైకు పెట్టుకుని సందులోకి తిరగగానే అమ్మ గొంతు లేచింది, "ఓ అయ్యా, జర ఆ మైకు బందు చెయ్యి, మా బిడ్డకు కంప్యూటర్ల పరీక్ష అయితాంది." ఆటోవాడు ఏదో అన్నాడు, "అయితె ముందట సందుల అమ్ముకో పో, గీడ ఎవ్వరు కొనరు" అని అమ్మ అంది, మైకు ఆగింది. కేతేపల్లి చుట్టుపక్కల ముప్పై ఏళ్లు పద్నాలుగు మంది ఆడవాళ్లను నాట్లకు తోలుకుపోయిన గొంతు అది, ఉల్లిగడ్డలవాడు ఎంత. నా గొంతు మాత్రం నాయినది. మెత్తగా, సగం మింగేసినట్టు ఉంటుంది. ఎదురుగా గోడ మీద, కెమెరాకు కనబడని చోట, భాగ్యశ్రీ ఎర్ర పెన్నుతో రాసిన కాగితం అన్నం మెతుకులతో అతికించి ఉంది. చివర్లో వాళ్లు మీకేమైనా అడగాలని ఉందా అంటారు, ఏం లేదు అనొద్దు, అన్నవా పోయినట్టే అని పది వీడియోలు చూపించింది. ఒక గడ్డపాయన ఆ వీడియోల్లో చేతులు ఊపుతూ చెబుతాడు, మంచి అభ్యర్థి అంటే మంచి ప్రశ్నలు అడిగేవాడు. కాగితం మీద ఐదు ప్రశ్నలున్నాయి. మొదటి తొంభై రోజుల్లో నా నుంచి మీరు ఏం ఆశిస్తారు. మీ సంస్థలో మీకు బాగా నచ్చింది ఏమిటి. అట్లాంటివి. కింద రెండు గీతలు గీసి ఇంకోటి రాసింది: జీతం, సెలవుల మాట ఎత్తకు. గడ్డపాయన కూడా అదే అన్నాడు, మొదటిరోజే సెలవు అడిగేవాడికి పని మీద ప్రేమ లేదని అనుకుంటారట. పని మీద ప్రేమ. మా అమ్మకు బురద మీద ప్రేమ ఉండేదా అని ఆ గడ్డపాయనను అడగాలనిపించింది.

అడగడం నాకు చేతకాదని కాదు, అడగకూడనివి అడుగుతాను. రెండో ఇంటర్వ్యూలో, పొద్దున పదిన్నరకు, తెర మీద ముగ్గురు సార్లు కనబడగానే నోట్లోంచి వచ్చేసింది, "తిన్నరా సార్?" మా దగ్గర ఇంటికెవరొచ్చినా ఫోన్‌లో ఎవరు పలికినా మొదటి మాట అదే. ఒకాయన నవ్వాపుకోలేక మైకు మూసుకున్నాడు, ఇంకొకాయన ఇంగ్లీషులో ఏదో అన్నాడు, మూడో ఆయన మాత్రం పాపం, ఇంకా లేదమ్మా అన్నాడు. ఉద్యోగం రాలేదు. ఐదో ఇంటర్వ్యూలో కాగితం చూసి మీ సంస్థ వాతావరణం ఎట్లా ఉంటుంది అని అడిగాను, ఆ మేడమ్ కళ్లు మెరిశాయి, "మాదంతా ఒక కుటుంబం" అంది. కుటుంబం అనగానే నాకు ఎందుకో భయం వేసింది. అక్కడా రాలేదు. రెండేళ్లలో ఆరు. మధ్యలో జిరాక్సు షాపులో ఎనిమిది నెలలు, ఒక చిన్న దవాఖాన కౌంటర్లో ఏడాది, ఆ డాక్టరు ఊరు మారిపోయాడు, కౌంటరు పోయింది. అలసట అంటే కాళ్లు నొయ్యడం కాదని ఈ రెండేళ్లలో తెలిసింది, ప్రతిసారీ మొదటి నుంచి నా పేరు మల్లిక అని మొదలుపెట్టడమే అలసట.

తెర వెలిగింది. ఇద్దరు కనబడ్డారు, కింద పేర్లున్నాయి, రాజేందర్, మానస. సార్‌కు యాభై ఉంటాయి, వెనక గాజు గోడ, టై లేదు. మేడమ్‌కు నా వయసే, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, కిందికి చూసి ఏదో రాసుకుంటోంది, తల ఎత్తలేదు. ఆలస్యమైంది మల్లికగారూ, సారీ అన్నాడు సార్, పర్వాలేదు సార్ అన్నాను, తిన్నరా అనలేదు, నాలుక పంటికింద పట్టుకున్నాను. మీ గురించి చెప్పండి. చెప్పాను, బక్కయ్య జానమ్మల బిడ్డనని చెప్పలేదు, డిగ్రీ అని, హాస్టల్ వార్డెన్‌గా మూడేళ్లని, దవాఖాన కౌంటరని చెప్పాను. వాళ్ల పని ఏమిటంటే చాలా దవాఖానలకు వచ్చే ఫోన్లన్నీ వీళ్ల ఆఫీసులో మోగుతాయి, తెలుగులో మాట్లాడేవాళ్లు ఇరవై మంది షిఫ్టులో ఉంటారు, ఆ షిఫ్టుకు ఇన్‌చార్జి కావాలి. ఒకాయన ఫోన్ చేసి అరుస్తున్నాడు, డాక్టరు ఇవాళ లేడు, ఏం చేస్తారు అని సార్ అడిగాడు. ముందు అరవనిస్తాను సార్, ఆగినంక నొప్పి ఎవరికి, ఎప్పట్నుంచి, పక్కన ఎవరున్నారు అని అడుగుతాను, మనిషి అరిచేది డాక్టరు లేడని కాదు సార్, పక్కన ఎవరూ లేరని అన్నాను. అప్పుడు మేడమ్ తల ఎత్తి చూసింది, ఒక్క క్షణమే, మళ్లీ కిందికి. బాగా చెప్పాను అని నాకే అనిపించింది. కౌంటర్ దగ్గర ఏడాది నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది అది.

శిక్షణ ఆరు నెలలు ఉంటుంది, ఆఫీసు పక్కనే హాస్టల్, అందరూ అక్కడే ఉండాలి, రాకపోకలు కుదరవు అని సార్ చెబుతున్నాడు, తల ఊపుతున్నాను, ఊపుతున్న తలను మూలన చిన్న డబ్బాలో చూస్తున్నాను, ఈ తల ఊపుడు నాదేనా, నాయినదా. నాయిన తొమ్మిదేళ్లప్పుడు ఒక ఆసామి దగ్గర జీతం కుదిరాడు, ముప్పై దాటేదాకా అక్కడే, ఆసామి ఎటు చూస్తే అటు తల ఊపాడు. పని చెప్పినోన్ని ఎందుకని అడగొద్దు బిడ్డా అనేవాడు, అడిగితె పనిల మన్ను పడతది. నాయిన ఎవరినీ ఏమీ అడగలేదు, కూలి అడగలేదు, పండుగ అడగలేదు, నన్ను కూడా ఏ ర్యాంకు వచ్చింది బిడ్డా అని అడగలేదు, నేను చెబితే విని నవ్వేవాడు. హైదరాబాదు అవతల ఆడపిల్లల కాలేజీలో వార్డెన్ ఉద్యోగానికి పోయినప్పుడు ముగ్గురు సార్లు కూర్చున్నారు, చివర్లో ఏమన్నా అడిగేదుందా అమ్మా అన్నారు. ఏం లేదు సార్ అన్నాను. గుడ్, ఇట్లాంటి అమ్మాయే కావాలి మనకు అని ఒకాయన పక్కాయనతో అన్నాడు. ఆ మాట ఫోన్‌లో నాయినకు చెబితే ఎంత సంబరపడ్డాడు. పెద్దోళ్ల ముందట మాటకు మాట అననోళ్లకు ఎక్కడన్న అన్నం దొరుకుతది అన్నాడు. నిజమే, అన్నం దొరికింది. మూడేళ్లు దొరికింది.

ఆ మూడో ఏడు మార్చిలో మంగళవారం నాడు నాయినకు పక్షవాతం వచ్చింది. అమ్మ ఫోన్ చేసింది, నోరు పక్కకు పోయింది బిడ్డా, నిన్నే అడుగుతాండు అంది. జీవితంలో ఎవరినీ ఏమీ అడగని మనిషి నన్ను అడుగుతున్నాడు. ప్రిన్సిపాల్ గది ముందు నిలబడ్డాను. పరీక్షలు అయ్యేదాకా వార్డెన్లకు సెలవు లేదు, చేరేటప్పుడు కాగితంలో ఉంది కదా చూసుకోలేదా అన్నాడు. చూసుకోలేదు. అడగలేదు. చెప్పాపెట్టకుండా బస్సెక్కి పోవాలని ఆ రోజు తోచలేదు నాకు, దాన్ని ఎవరి మీదికి నెట్టను, నాయిన నేర్పిన తల ఊపుడు అది, ఒంట్లోంచి పోదు. బుధవారం అడిగాను, గురువారం అడిగాను, శుక్రవారం పొద్దున పో అన్నారు. బస్సు నార్కట్‌పల్లి దాటినప్పుడు ఎండ అప్పుడే కిటికీలోంచి ఒళ్లో పడింది, ఇంకో గంటలో చూస్తాను అనుకున్నాను. వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. మల్లిక వస్తాంది, వస్తాంది అని మూడు రోజులు అమ్మ ఆయన చెవిలో చెబుతూనే ఉందట, పాస్టరమ్మ చెప్పింది నాకు, అమ్మ చెప్పలేదు. ఆ శుక్రవారం గురించి మేమిద్దరం ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నెల తిరక్కుండా ఆ ఉద్యోగం వదిలేశాను, వదిలేసి ఏం లాభం.

"మల్లికగారూ, వినబడుతోందా?" వినబడుతోంది సార్, నెట్టు కొంచెం స్లో. నెట్టు స్లో అనే మాట ఎంత మంచిదో, మనిషి ఎక్కడికి పోయొచ్చినా అదొక్కటి చెబితే చాలు. "మా వైపు నుంచి అయిపోయింది. మీకేమైనా అడగాలని ఉందా?" వచ్చేసింది ఆ మాట. ఈ ఉద్యోగం నాకు కావాలి, కావాలని గట్టిగా చెప్పుకోవడానికి కూడా ఓపిక లేదు గాని కావాలి. పోయిన నెల అమ్మకు ఛాతీలో నొప్పి వచ్చింది, పెద్ద దవాఖానలో రెండు రోజులు ఉంచి పంపారు, మళ్లీ రావచ్చు, వస్తే గంటలో తీసుకురండి అన్నాడు డాక్టరు. మందులకూ గది కిరాయికీ ఈ ఉద్యోగం కావాలి. ఈ ఉద్యోగంలో చేరితే ఆ గంటలో నేను ఇక్కడ ఉండను. కనుక ఒక్కటి అడక్కుండా చేరలేను, ఆ ఒక్కటి అడిగితే ఉద్యోగం పోతుందని ఎర్ర పెన్నుతో రెండు గీతలున్నాయి. కాగితం వైపు చూశాను, పిరికిదాన్ని, మొదటిది చదివేశాను. మొదటి తొంభై రోజుల్లో నా నుంచి మీరు ఏం ఆశిస్తారు సార్. సార్ ముఖం వెలిగింది, చాలా మంచి ప్రశ్న అన్నాడు, మొదటి ముప్పై రోజులు నేర్చుకోవడం, తర్వాతి ముప్పై రోజులు పంచుకోవడం అని చెప్పుకుంటూ పోయాడు, ఆయన కళ్లు కూడా కుడిపక్కకు పోతున్నాయి, ఆయన గోడ మీద కూడా ఒక కాగితం ఉందేమో. నా కాగితంలోంచి నేను, ఆయన కాగితంలోంచి ఆయన. మేడమ్ నుదురు రుద్దుకుంటోంది. ఆమె కూడా అలసిపోయి ఉంది.

"ఇంకేమైనా?" అన్నాడు సార్. అప్పుడు అడిగేశాను. "ఇంట్ల ఎవరికన్నా పానం మీదికొస్తె నేను పోవచ్చునా సార్?" కాగితం భాష కాదు, ఇంటి భాషే వచ్చింది. మా అమ్మకు గుండె బాగలేదు సార్ అని కూడా చెప్పేశాను, చెప్పకూడదేమో. సార్ నవ్వాడు. "తప్పకుండా. ఎమర్జెన్సీ అంటే మేమెవరం ఆపడానికి? అలాంటివి చూసుకుంటాం, మీరేం వర్రీ కావొద్దు." థాంక్స్ సార్ అనబోయాను. అనాలి, అదే పద్ధతి, అడిగాను, చెప్పాడు, అయిపోయింది. గోడ అవతల అమ్మ దగ్గింది.

చూసుకుంటాం. పంపిస్తాం. ఈ మాట నేను ఎక్కడ విన్నాను, విన్నది ఇక్కడ కాదు, మూసీ కాలువ కింద ఒక ఒడ్డు మీద, ఏడేళ్ల పిల్లను, అమ్మ కొంగు పట్టుకుని. నాట్లు ఒప్పుకునే ముందు రోజు సాయంత్రం ఎండ తగ్గాక అమ్మ ఆసామి మడి చూడటానికి పోయేది, చీర ఎగగట్టి బురదలో మోకాలి దాకా దిగి ఎంత లోతు ఉందో కాలితోనే చూసి, ఒడ్డెక్కి, ఆసామిని నిలబెట్టి అడిగేది. తాగే నీళ్లు ఎక్కడివి. చంటిపిల్లల తల్లులు ఎన్నిసార్లు ఒడ్డెక్కొచ్చు. అంతవరకు అందరు మేస్త్రమ్మలూ అడిగేదే. మూడోది అమ్మ ఒక్కతే అడిగేది. నేను పుట్టకముందు ఒక ఏడు గుంపులోని మైసమ్మను మడిలో పాము కరిచింది, పానం మీదికొస్తే ట్రాక్టర్ మీద పంపిస్తా అని ముందురోజే ఒప్పుకున్న ఆసామి, ఈ ఒక్క మడి దున్నుడు కానియ్యండి, పంపిస్తా, పంపిస్తా అన్నాడు. ఆడవాళ్లే నారు మోసే గోనె తట్టు మీద మైసమ్మను పడుకోబెట్టుకుని నకిరేకల్ రోడ్డు దాకా నడిచారు. రోడ్డు మీదే పోయింది. అప్పట్నుంచి అమ్మ, పంపిస్తవా అని ఎవరినీ అడగలేదు. "పోయినేడు ఎవరిని పంపినవు? ఆమె పేరేంది?" అని అడిగేది. పంపిస్త అని అందరంటరు బిడ్డా, పంపినోడైతె పేరు చెప్తడు అనేది నాతో. ఆసాములకు మండేది. ఏందే, పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవు, నువ్వు కాకుంటె ఇంకో గుంపు దొరకదా అనేవాళ్లు. కొన్నిసార్లు పని పోయేది, రెండు రోజులు పద్నాలుగు మంది ఆడవాళ్లు మా వాకిట్లో కూర్చుని అమ్మను తిట్టేవాళ్లు, నీ నోటికి తాళం వెయ్యి జానమ్మా అని. నాయిన తలొంచుకుని బీడీ తాగేవాడు. నాకు సిగ్గయ్యేది. ఎవరి అమ్మా అట్లా అడగదు, మా అమ్మే ఎందుకు అడుగుతుంది అని ఏడ్చేదాన్ని, నాయిన పక్కన చేరేదాన్ని, నాయిన పక్కనే పెరిగాను, నాయిన లాగే తల ఊపాను, ఊపి ఊపి నాయిననే పోగొట్టుకున్నాను.

"సార్, పోయినేడు ఎవరిని పంపిండ్రు?"

సార్‌కు అర్థం కాలేదు. ఏంటండీ అన్నాడు. పోయినేడు మీ దగ్గర ఎవరికన్నా ఇంట్ల పానం మీదికి వచ్చి ఉంటది గద సార్, ఎవరిని పంపిండ్రు, వాళ్ల పేరేంది అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది, పెద్దగా కాదు గాని మింగకుండా వచ్చింది. తెర మీద సార్ ముఖం కదలకుండా ఉండిపోయింది, నెట్టు ఆగిందేమో అనుకున్నాను, కాదు, కళ్లు ఆర్పాడు. "అంటే, చాలామంది ఉంటారండి, స్పెసిఫిక్‌గా పేర్లంటే, పాలసీ అయితే హెచ్ఆర్ వాళ్లు మెయిల్ చేస్తారు" అంటూ కుడిపక్కకు చూశాడు, కాగితం మీద లేనట్టుంది. ఆ వెతుకులాట నాకు తెలుసు. ఒడ్డు మీద నిలబడి ఆకాశం వైపు చూసే ఆసామి వెతుకులాట. అయిపోయింది, ఏడోది కూడా పోయింది అనుకున్నాను, విచిత్రంగా బాధ వేయలేదు, సంచీ దించి పక్కన పెట్టినట్టు భుజాలు కిందికి జారాయి. భాగ్యశ్రీకి ఏం చెప్పాలా అని మాత్రం ఆలోచిస్తున్నాను.

"రోజారమణి" అంది మేడమ్.

ఇంతసేపటికి మొదటిసారి ఆమె గొంతు విన్నాను. హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంది. "ఆమె పేరు రోజారమణి. పోయిన నవంబరు. షిఫ్టు మధ్యలో ఫోన్ వచ్చింది, వాళ్లమ్మకు సీరియస్ అని. ఆ రోజు మనుషులు తక్కువున్నారు. షిఫ్టు అయ్యేదాకా ఆగమన్నాం." తల ఎత్తి, "ఆగమన్నది నేనే" అంది. "ఆగింది. షిఫ్టు అయ్యాక వెళ్లింది. మళ్లీ రాలేదు. మీరు అప్లై చేసింది ఆమె పోస్టుకే." మానసా, ఇవన్నీ ఇప్పుడు అవసరమా అన్నాడు సార్. "మల్లికగారు అడిగారు కద సార్" అంది మేడమ్, చాలా మామూలుగా. తెర మీద మూడు ముఖాలు, మూడూ అలసిపోయిన ముఖాలే. నేను ఏమనాలి, పర్వాలేదు మేడమ్ అనాలా, అనడానికి నేనెవరిని, రోజారమణి అనాలి ఆ మాట. మేడమ్ మీద కోపం రావాలి, ప్రిన్సిపాల్ మీద వచ్చినంత కోపం రావాలి, రాలేదు, ప్రిన్సిపాల్ కాగితం చూపించాడు, ఈమె తనను చూపించింది. "మీలాంటివాళ్లే కావాలి నాకు షిఫ్టులో" అంది మేడమ్, సార్ వైపు చూసింది, సార్ భుజాలు ఎగరేశాడు, ఏమనుకున్నాడో గాని తల ఊపాడు. "సోమవారం చేరగలరా?"

రెండేళ్లుగా ఈ మాట కోసం వెనక దుప్పటి కట్టి కూర్చున్నాను. చేరతాను మేడమ్ అని నోటి చివర దాకా వచ్చింది, తల సగం ఊగింది కూడా, మూలన డబ్బాలో ఊగడం చూశాను, ఆపాను. "రేపు చెబుతానండి" అన్నాను. ఇన్ని ఇంటర్వ్యూల్లో చెబుతాం అని వాళ్లంటే విన్నాను గాని చెబుతాను అని నేననడం ఇదే మొదటిసారి. సరే, మెయిల్ చేయండి అంది మేడమ్. తెర నల్లబడింది, అందులో నేనూ నీలం దుప్పటీ మిగిలాం.

తలుపు తోసుకుని అమ్మ వచ్చింది. గోడ పట్టుకుని మోకాళ్లు మెల్లగా వంచి నా ఎదురుగా కింద కూర్చుంది. తలుపు మాటలకు పెద్ద అడ్డమేమీ కాదు, నా మాటలన్నీ వినే ఉంటుంది, తన ప్రశ్న తన చెవులతోనే విని ఉంటుంది, దాని మాట ఎత్తలేదు. చీర కొంగుతో నా ముఖం తుడిచింది, చెమట అనుకున్నాను, కన్నీళ్లు వస్తున్నాయని అప్పుడు తెలిసింది.

"ఎవల్నన్న పంపిండ్రంటనా?"

"పంపలేదంట అమ్మా. ఆ మేడమే చెప్పింది. రోజారమణి అంట ఆమె పేరు. తల్లికి బాగలేదంటె ఆగుమన్నరంట."

"ముప్పై ఏండ్లు అడిగిన" అంది అమ్మ. "పంపలే అని నోరిడిచి చెప్పినోడు ఒక్కడు దొరకలే నాకు." ఆ మేడమ్‌ను మెచ్చుకుంటోందో, తన ముప్పై ఏళ్లను తలుచుకుంటోందో తెలియలేదు. ఉద్యోగం వచ్చిందా అని అడగలేదు, సోమవారం ఏం చేస్తావని అడగలేదు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేవబోయి, లేవకుండా ఆగిపోయింది.

"ఆ పిల్ల పోయేటాల్లకు వాళ్లమ్మ ఉన్నదా?"

నాకు తెలియదు. అన్నీ అడిగి అదొక్కటి అడగలేదు. నా దుఃఖం నా నోటికి అడ్డం పడిందేమో, లేదని ముందే అనేసుకున్నానేమో, అందరి నాయినలూ అందరి అమ్మలూ ఆగలేక పోయినట్టే అనుకున్నాను. "అడగలే అమ్మా" అన్నాను, అని నేను వచ్చేటాల్లకు నాయిన లేకపాయె గదనే అన్నాను, రెండేళ్ల తర్వాత, పట్టపగలు, ఎవరో ఇచ్చిన ల్యాప్‌టాప్ ముందు. అమ్మ నా తల తన ఒళ్లోకి లాక్కుంది. "లేడు బిడ్డా" అంది. "నువ్వొస్తవని సంబరంగనే పోయిండు." ఇద్దరం ఏడ్చాం, గట్టిగానే ఏడ్చాం, సందులో ఎవరైనా వింటే విననీ అనుకున్నాం.

"అడుగు" అంది అమ్మ కాసేపటికి, ముక్కు తుడుచుకుంటూ. ఉన్నదంటె ఏం చెయ్యాలె, లేదంటె ఏం చెయ్యాలె అన్నాను. "ముందుగాల అడుగు" అంది.

ఒంటిగంటకు ఇంకా పావుగంట ఉంది. మెయిల్ తెరిచాను. మేడమ్, ఒక్కటి అడగడం మరిచిపోయాను, రోజారమణిగారు వెళ్లేసరికి వాళ్లమ్మ ఉన్నారా అని తెలుగులోనే రాశాను. మీకు తెలియకపోతే ఆమెకు ఫోన్ చేసి కనుక్కోండి, కనుక్కున్నాక చెప్పండి, సోమవారం సంగతి అప్పుడు చెబుతాను అని కింద రాసి, పంపాను.